గద్వాల్ అంచు... కేకు మీద!

కేకు మీద క్రీముతో పూలు వేయడం నేర్చుకోవాలని మీకూ సరదాగా ఉందా? మీరుండేది గద్వాలా, వనపర్తా, నాగర్‌కర్నూలా? అయితే ఈ నాలుగు మాటలు మీ కోసమే. హైదరాబాదులో ఉన్నవాళ్ళకు ఈ చిక్కు లేదు. బేగంబజారు వెళ్ళి ఒక సందులోకి దూరితే కేకు సామాను కాళ్ళకడ్డం పడుతుంది. మన ఊళ్ళలో అలా కాదు. క్లాసు పెడతామన్నవారు ముందుగా ఒక చీటీ రాసిస్తారు. పైపింగ్ బ్యాగులు, నాజిళ్ళు, కప్లరు, టర్న్ టేబులు, జెల్ రంగులు... చీటీ చూడగానే సగం సరదా పోతుంది. ధర విన్నాక మిగతా సగం పోతుంది. ఫోన్లో ఆర్డరు పెడితే వంద ముక్కల సెట్టు ఇంటికే వచ్చేస్తుంది గానీ, అందులో ఎనభై ముక్కలు ఎందుకున్నాయో మనకూ తెలీదు, పంపినవాడికీ తెలీదు.

అందుకని, కొనే ముందు ఒకసారి ఈ మూడు ఊళ్ళూ తిరిగొద్దాం రండి. ఒకప్పుడు మూడూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. 2016 అక్టోబరు 11న మూడూ మూడు జిల్లాల కేంద్రాలయ్యాయి. గద్వాల్‌కు రైలు జంక్షనుంది. వనపర్తికి ‘వనపర్తి రోడ్’ అని స్టేషనుంది గానీ, అది ఊరికి దూరంగా మదనాపురం దగ్గరుంది. నాగర్‌కర్నూల్‌కు అసలు రైలే లేదు. కాబట్టి మనకు ఆర్.టి.సి. బస్సే దిక్కు. దానికీ దిగులు లేదు. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్టు డబ్బులు లేవు కదా! ఆధార్ కార్డు మాత్రం పర్సులో పెట్టుకోవడం మరిచిపోకండి.

ముందు గద్వాల్. ఇక్కడ దిగిన వాళ్ళతో ఎవరైనా మాట్లాడేది చీర గురించే. సోమనాద్రి కట్టించిన కోట, కోటలోని చెన్నకేశవస్వామి గుడి చూసుకుని, చీరల దుకాణాల వైపు నడవండి. ఒక చీర విప్పించి అంచు చూడండి. (విప్పించాక ఏమీ కొనకుండా లేచి రావడం మన వల్ల కాదనుకోండి, అది వేరే సంగతి.) ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండు రకాల దారాల్నీ మగ్గం మీదే పోగుకు పోగు ముడివేసి కలుపుతారు. దీన్నే కుప్పడం అంటారు. ఏటా తిరుమల శ్రీవారి బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు ఇక్కడి నుంచే నేసి పంపడం సంస్థానం కాలం నుంచీ వస్తున్న ఆనవాయితీ.

కేకు గురించి చెబుతానని చీరలోకి దిగిందేమిటి అనుకుంటున్నారా? వస్తున్నా. గద్వాల్ అంచుల్లో కోటకొమ్మ అనే డిజైను ఉంటుంది. చిన్న చిన్న గోపురాలు వరసగా నిలబడ్డట్టు, అడుగున వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. దీన్ని క్రీముతో వేయాలంటే ఒక్క గుండ్రటి నాజిల్ చాలు. కేకు పక్క గోడకు, అడుగున మూడు చుక్కలు పక్కపక్కనే పెట్టండి. వాటి మీద రెండు. ఆపైన ఒకటి. కొంచెం ఎడం ఇచ్చి మళ్ళీ మూడు, రెండు, ఒకటి. ముగ్గు పెట్టడం వచ్చిన చేతికి ఇది ఒకరు నేర్పాలా? పసుపురంగు క్రీము మీద ఎర్ర చుక్కలతో ఇలా చుట్టూ తిరిగొస్తే, బేకరీ అద్దాల పెట్టెలో గులాబీలు పెట్టుకుని కూర్చున్న కేకులన్నీ మీ కేకు ముందు దిగదుడుపే. క్లాసులో మొదటి వారం గులాబీ నేర్పుతామంటే, వద్దండీ, ముందు ఈ చుక్కల అంచు నేర్పమని అడగండి. గులాబీకి చెయ్యి తిరగాలి. చుక్కకు చెయ్యి ఆగడం తెలిస్తే చాలు.

నిజానికి పైపింగ్ మన ఆడవాళ్ళకు కొత్త పనేం కాదు. మెహందీ కోను పట్టిన ప్రతి అమ్మాయికీ సగం వచ్చినట్టే. కోను మొన ఎంత కత్తిరిస్తే గీత ఎంత లావుగా వస్తుందో మీకు తెలుసు. గీత ముగిసే చోట నొక్కడం ఆపి తర్వాత కోను ఎత్తాలనీ తెలుసు, లేకపోతే తోక లాగుతుంది. క్రీముకూ అదే సూత్రం. ఒక్కటే తేడా. మెహందీ కోనును వేళ్ళతో మొనకు దగ్గరగా నొక్కుతాం. క్రీము సంచిని మాత్రం పైన మెలితిప్పి, ఆ మెలిక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి, అరచేత్తో పైనుంచి నొక్కాలి. ఎడమ చెయ్యి మొన దగ్గర ఊతానికే గానీ నొక్కడానికి కాదు. మధ్యలో నొక్కారో, క్రీము కిందికి రావడం మానేసి మోచేతి మీదికి వస్తుంది!

ఇక అసలు సంచుల సంగతి. బజారులో దొరికేవి నాలుగు రకాలు.

ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ సంచి అందరికీ తెలిసిందే. కట్టలు కట్టలుగా అమ్ముతారు. కొత్తగా నేర్చుకునేవారికి నేను చెప్పేది ఇదే. అయితే కట్ట మొత్తం కొనే ముందు ఒక్క సంచి తెరిపించి చూడండి. పక్క అతుకు దగ్గర రెండు చేతులతో పట్టి లాగండి. సాగి తెల్లబడితే అది క్రీము బరువుకు ఆగదు, సరిగ్గా పేరు రాసే వేళకు పగులుతుంది. పైభాగం మరీ నున్నగా ఉంటే చెమట చేతిలో జారుతుంది, కాస్త గరుకుగా ఉన్నది మేలు. అన్నట్టు, వీటిని కేకు సామాను దుకాణాల్లోనే వెతకనక్కరలేదు. పెళ్ళిళ్ళకు పేపరు ప్లేట్లు, గ్లాసులు అమ్మే దుకాణంలో అడగండి. వాళ్ళ దగ్గర లేకపోతే తెప్పించి పెడతారు. బేకరీలకు డబ్బాలు వేసేది తరచుగా వాళ్ళే.

రెండోది లోపల పూత వేసిన గుడ్డ సంచి. గట్టి ముద్దలకు, అంటే బిస్కెట్టు పిండికి, దీన్ని మించింది లేదు. ఎంత నొక్కినా చిరగదు. కానీ కడగడం ఒక వ్రతం. వేడినీళ్ళు, సబ్బు, తిరగేసి మళ్ళీ సబ్బు, తర్వాత పూర్తిగా ఆరబెట్టడం. అతుకులో ఏమాత్రం నెయ్యి జిడ్డు మిగిలినా మర్నాటికి కంపు కొడుతుంది. ఆరబెట్టే విషయంలో మాత్రం మన ఎండలు మనకు మేలే చేస్తాయి. వేసవిలో గద్వాల్ డాబా మీద తీగెకు వేలాడదీస్తే చాలా త్వరగా ఆరిపోతుంది. వానాకాలంలో మాత్రం దాని జోలికి పోకండి, బూజు పడుతుంది.

మూడోది సిలికాన్ సంచి. ఫోన్లో చూపించే సెట్లలో ఒక సిలికాన్ సంచి, నాలుగైదు నాజిళ్ళు కలిపి ఇచ్చేది ఇదే. కడిగితే శుభ్రపడుతుంది, ఏళ్ళ తరబడి ఉంటుంది, నిజమే. కానీ దళసరి. లోపల క్రీము ఎంత మెత్తగా ఉందో, ఎక్కడ గాలి బుడగ ఇరుక్కుందో చేతికి తెలీదు. నేర్చుకునే రోజుల్లో చేతికి తెలియడమే ముఖ్యం కదా. పని వచ్చాక కొనుక్కుంటే తప్పు లేదు.

నాలుగోది ఉత్త పుణ్యానికి వచ్చేది. బటర్ పేపరును త్రికోణంగా కత్తిరించి, పల్లీల పొట్లంలా చుట్టిన కాగితపు కోను. ఏ దేశంలోనైనా పెద్ద పెద్ద కేకు పనివాళ్ళు సన్నని గీతలకు ఇప్పటికీ దీన్నే వాడతారు. నాజిల్ అక్కరలేదు, కడిగే పని లేదు. దీని గురించి వనపర్తి వెళ్ళాక మళ్ళీ మాట్లాడుకుందాం.

అభ్యాసానికైతే ఇవేవీ కూడా అక్కరలేదు. పాల ప్యాకెట్టు కవరును శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, ఒక మూల కత్తిరించండి. అందులో క్రీము పోసి పాడు చేయకండి. రెండు ఆలుగడ్డలు ఉడికించి, గడ్డ లేకుండా మెదిపి, జల్లెడలో రుద్ది, కాసిని పాలు కలిపితే క్రీములాంటి ముద్ద తయారవుతుంది. గంటసేపు చుక్కలు, గీతలు వేయండి. గీకి మళ్ళీ సంచిలో వేయండి. రాత్రికి ఆలూ పరాఠా. ఇంట్లో వాళ్ళెవరూ గొణగరు. అభ్యాసం దేనిమీద అంటారా? కొంతమంది థర్మోకోల్ దిమ్మె తెమ్మంటారు. అలంకరణకు వాడే థర్మోకోల్‌ను 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధించారు. మన స్టీలు డబ్బా బోర్లిస్తే అంతకన్నా మంచి దిమ్మె. తుడిస్తే పోతుంది.

గద్వాల్ నుంచి వనపర్తికి రెండు దారులు. ఎర్రవల్లి చౌరస్తా మీదుగా హైవే ఎక్కి, బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు నుంచి వెళ్ళేది ఒకటి. శనివారమైతే పెబ్బేరు సంత, బస్సులో కాలు పెట్టే సందుండదు. రెండోది జూరాల ప్రాజెక్టు మీదుగా ఆత్మకూరు వైపు పోయే దారి. నీళ్ళున్న రోజుల్లో ఆ ఆనకట్ట మీద ప్రయాణం చూసి తీరాలి. అక్కడి చేపల వేపుడు కోసం దూరదూరాల నుంచి వస్తారు. శాకాహారులైతే నీళ్ళు చూసి తృప్తిపడండి.

వేసవిలో ఈ దారిన వస్తే మాత్రం మన అసలు శత్రువెవరో తెలుస్తుంది. ఎండ! రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, ఇక వెన్న ఎంత? వెన్న ముప్పై రెండు, ముప్పై అయిదు డిగ్రీలకే కరిగిపోతుంది. మన అరచేతి వేడే ఇంచుమించు అంత. పాలమూరు ఎండ నలభై దాటుతుంది. ఇంగ్లీషు పుస్తకాల్లో, వీడియోల్లో ‘గది వేడిలో ఉంచిన వెన్న’ అంటే ఇరవై డిగ్రీల గది. ఏప్రిల్లో మన గదిలో ఉంచితే నెయ్యి కాచే శ్రమ తప్పుతుంది, అంతే!

సంచి సైజు ఎంచుకునేటప్పుడు ఈ ఎండనే గుర్తుంచుకోవాలి. పద్దెనిమిది అంగుళాల పెద్ద సంచి కొంటే మాటిమాటికీ నింపే పని తప్పుతుందని దుకాణంవాళ్ళు చెబుతారు. పెద్ద బేకరీలో ఏసీ గదిలో పనిచేసేవారికి అది సరే. మన చేతిలో పెద్ద సంచి ఎక్కువసేపు ఉంటుంది. ఉన్నకొద్దీ క్రీము వేడెక్కుతుంది. మొదటి పువ్వు నిలబడుతుంది, పదో పువ్వు వాలిపోతుంది. అందుకే పన్నెండు అంగుళాల సంచి తీసుకోండి. సగానికి మించి నింపకండి. రెండు సంచులు నింపి ఒకటి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. చేతిలోది మెత్తబడగానే మార్చుకోండి. మధ్య మధ్య చేతులు చల్లటి నీళ్ళలో ముంచి, పొడిగా తుడుచుకుంటే ఇంకా మంచిది. నింపేటప్పుడు పక్కన పట్టుకునే మనిషి కోసం చూడకండి. పొడుగాటి స్టీలు గ్లాసులో సంచిని నిలబెట్టి, పై అంచులు గ్లాసు మీదికి మడవండి. రెండు చేతులూ ఖాళీ.

వనపర్తి అనగానే ప్యాలెస్ గుర్తొస్తుంది. సంస్థానం వారి ప్యాలెస్‌లోనే పాలిటెక్నిక్ నడిచింది. ఎంతమంది ఇంజనీర్లు ఆ మెట్లెక్కి దిగారో! అలాంటి ఊళ్ళో నాజిళ్ళ గురించి మాట్లాడుకోవడం సబబే, ఎందుకంటే కేకు సామానులో అసలైన ఇంజనీరింగ్ అంతా ఈ చిన్న రేకు ముక్కలోనే ఉంది. మురుకుల గొట్టంలో బిళ్ళ మార్చగానే కారప్పూస పోయి చక్రాలు వస్తాయి చూశారా, అదే కథ. మన నక్షత్రం బిళ్ళే వాళ్ళ స్టార్ నాజిల్.

నాజిళ్ళకు నంబర్లుంటాయి. అవి చూసి బెదరకండి. డ్యూయీ మెకిన్లీ విల్టన్ అనే ఆయన 1929లో అమెరికాలో, షికాగోలో కేకు అలంకరణ క్లాసులు మొదలుపెట్టారు. ఆ పేరుతో వచ్చిన కంపెనీ నంబర్లనే మన దగ్గర అమ్మే నాజిళ్ళ మీదా చాలావాటికి వేస్తారు. ఇరవై నాలుగు ముక్కల డబ్బా చూసి మురిసిపోవద్దు. మొదటి మూడు నెలలకు మీకు కావలసినవి నాలుగే. చుక్కలకు, రాతకు 3 నంబరు గుండ్రనిది. పెద్ద పువ్వుకు, అంచుకు 1ఎమ్ అనే పెద్ద స్టార్. రేకులకు 104. ఆకులకు 352. ఈ నాలుగింటితో పుట్టినరోజు కేకు మొత్తం చేసేయొచ్చు. గడ్డి వేసే నాజిల్, బుట్ట అల్లే నాజిల్... అవన్నీ తర్వాత.

కొనేటప్పుడు వెలుగులోకి పట్టుకుని మొన చూడండి. పళ్ళన్నీ సమానంగా ఉన్నాయా? ఒక పన్ను వంగితే పువ్వు మొత్తం వంకర పోతుంది. పక్కన అతుకు కనబడుతోందా? అతుకు ఉన్న చోట క్రీము ఇరుక్కుని తుప్పుకు దారి చేస్తుంది. స్టెయిన్‌లెస్ స్టీలువి, అతుకు లేనివి దొరికితే నాలుగు రూపాయలు ఎక్కువైనా అవే తీసుకోండి. ఇక కప్లర్ అనేది ప్లాస్టిక్ మరలాంటి రెండు ముక్కల వస్తువు. అది ఉంటే సంచి మార్చకుండా నాజిల్ మార్చుకోవచ్చు. ఒకటి కొనుక్కోండి. కానీ 1ఎమ్ లాంటి పెద్ద నాజిళ్ళు మామూలు కప్లర్‌కు పట్టవు, వాటిని నేరుగా సంచిలో వేసుకోవాలి. సంచి మొన కత్తిరించేటప్పుడు పొదుపుగా కత్తిరించండి. నాజిల్ మూడో వంతు బయటికి కనబడితే చాలు. ఎక్కువ కత్తిరిస్తే నొక్కగానే నాజిల్ కూడా కేకు మీద పడుతుంది.

టర్న్ టేబులు, గీకుడు పలక లాంటివి మొదట్లోనే కొనకపోయినా పని ఆగదు. బోర్లించిన గిన్నె మీద పళ్ళెం పెట్టి చేత్తో తిప్పుకోవచ్చు. పక్కలు నున్నగా చేయడానికి పిల్లల స్టీలు స్కేలు బాగా పనికొస్తుంది. కొత్తది కొని కేకు కోసమే ఉంచండి, జామెట్రీ బాక్సులోంచి తీసింది వద్దు.

ఇందాక కాగితపు కోను గురించి చెబుతానన్నాను కదా. కేకు మీద తెలుగులో పేరు రాయడానికి దానికి మించింది లేదు. బేకరీల్లో చాలావరకు ఇంగ్లీషులోనే రాస్తారు. అమ్మమ్మ షష్టిపూర్తికి తెచ్చిన కేకు మీద కూడా ఇంగ్లీషే! తెలుగులో రాయమంటే ‘కష్టం మేడమ్’ అంటారు. నాకైతే తెలుగే సులువనిపిస్తుంది. ఇంగ్లీషు అక్షరాల్లో నిలువు గీత వణికితే దూరం నుంచే కనబడుతుంది. మన అక్షరం గుండ్రం. చెయ్యి కొంచెం అటూ ఇటూ అయినా వంపులో కలిసిపోతుంది. కోను మొనను కేకుకు ఆనించకుండా కొంచెం పైన పట్టుకుని, క్రీము దారంలా జారుతుంటే అక్షరం తిప్పండి. ముందు అక్షరాల ఒళ్ళు అన్నీ రాసి, తర్వాత గుడులు, కొమ్ములు, చివరికి తలకట్లు పెట్టండి. వత్తులకు కింద చోటు వదలడం మరిచిపోకండి. లక్ష్మి అని రాయాలంటే రెండు అంతస్తులు కావాలి మరి! అరకిలో కేకు మీద ‘పుట్టినరోజు శుభాకాంక్షలు’ అంతా పట్టించాలని చూడకండి. పేరు ఒక్కటి చక్కగా రాస్తే చాలు. ముందు స్టీలు పళ్ళెం మీద పదిసార్లు రాసి తుడుచుకుంటే చెయ్యి కుదురుతుంది.

గోపాల్‌పేట మీదుగా నాగర్‌కర్నూల్ చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. కేసరి సముద్రం గట్టున కాసేపు గాలి పీల్చుకుని, క్రీము సంగతి చూద్దాం. సంచి ఎంత మంచిదైనా, లోపలి సరుకు బాగుండకపోతే దండగే.

కేకుల మీద ఎక్కువగా వాడే విప్పింగ్ క్రీము పాల మీగడ కాదండీ. 1945లో అమెరికాలో రాబర్ట్ రిచ్ అనే ఆయన సోయాబీన్ల నుంచి ఈ రకం క్రీము మొదటగా తయారు చేశారు. ఇప్పుడు ఎక్కువగా పామ్ జాతి నూనెలతో చేస్తున్నారు. పాల మీగడ కన్నా ఎండకు కొంచెం ఆగుతుంది, ధరా తక్కువ. డబ్బా మీద ఏం రాసుందో చదివి కొనండి. ఎవరికైనా కేకు అమ్మితే, ఇది పాల మీగడేనా అని అడిగినప్పుడు ఉన్న మాట చెప్పండి.

ఈ క్రీము గడ్డకట్టి వస్తుంది. అసలు చిక్కు ఇక్కడే. హైదరాబాదులో చవక అని కొని, మూడు నాలుగు గంటలు బస్సులో తెస్తే దారిలోనే కరుగుతుంది. కరిగినదాన్ని మళ్ళీ గడ్డకట్టిస్తే గిలక్కొట్టినా పొంగదు, నీరు కారుతుంది. కాబట్టి నాజిళ్ళు, అట్టలు, డబ్బాలు లాంటి పొడి సామాను కోసం బేగంబజారుకు ఒక్కసారి, క్లాసులో ఉన్నవారందరి చీటీలూ పట్టుకుని ఒకరో ఇద్దరో వెళ్ళి రండి. క్రీము మాత్రం ఉన్న ఊళ్ళోనే కొనండి. మూడు ఊళ్ళలోనూ బేకరీలున్నాయి. కేకు చేసే బేకరీకి ఈ క్రీము వస్తూనే ఉంటుంది. ‘అన్నా, మీకు వచ్చేటప్పుడు మాకో రెండు ప్యాకెట్లు తెప్పించరా’ అని అడిగితే చాలామంది కాదనరు. రేపు మీరే వాళ్ళకు పోటీ అవుతారేమో, అది తర్వాతి మాట. గద్వాల్ వాళ్ళకు కర్నూలు దగ్గరే. కానీ మన జీరో టికెట్టు రాష్ట్రం సరిహద్దు వరకే.

క్రీమును ముందు రోజు రాత్రి ఫ్రీజర్‌లోంచి కింది ఫ్రిజ్‌లోకి మార్చండి. గిన్నె, గిలక్కొట్టే పుల్లలు కూడా చల్లబరచండి. వేసవిలో గిన్నె కింద ఐసు నీళ్ళ పళ్ళెం తప్పనిసరి. బీటరు ఎత్తినప్పుడు కొన నిలబడి కొంచెం వంగిందంటే సంచిలోకి సిద్ధం. ఇంకా గిలక్కొడితే గరుకు తేలుతుంది, ఆ క్రీముతో గీత తెగుతూ వస్తుంది. వెన్న ఐసింగ్ చేసేవారైతే చక్కెర పొడిని పలుచని నూలు గుడ్డలో జల్లించండి. 3 నంబరు నాజిల్‌లో ఒక్క పలుకు అడ్డం పడితే చాలు, నొక్కీ నొక్కీ సంచి పగులుతుంది. అప్పుడు సంచి మంచిది కాదంటాం.

రంగుల విషయంలో మాత్రం నేను కాస్త గట్టిగానే చెబుతాను. విడిగా పొట్లం కట్టి ఇచ్చే రంగు పొడి కేకులోకి వద్దు. అది ఏ రంగో ఎవరికీ తెలీదు. మన దేశంలో తినే పదార్థాలకు అనుమతించిన కృత్రిమ రంగులు ఎనిమిదే. పసుపుకు టార్ట్రాజిన్, నారింజకు సన్‌సెట్ ఎల్లో, ఎరుపుకు కార్మోయిసిన్, పాన్సో 4ఆర్, ఎరిత్రోసిన్, నీలానికి బ్రిలియంట్ బ్లూ, ఇండిగో కార్మిన్, ఆకుపచ్చకు ఫాస్ట్ గ్రీన్. సీసా మీద ఈ పేర్లలో ఒకటి, దానితో పాటు ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. లేకపోతే దుకాణం ఎంత తెలిసినవారిదైనా తీసుకోకండి. ఆ కేకు మొదటి ముక్క తినేది పిల్లలే కదా. మెరుపుల పొడి కూడా అంతే. కార్డులకు అంటించే మెరుపులను కేకు మీద చల్లుతున్నవారిని చూస్తే భయమేస్తుంది. క్రీముకు నీళ్ళ రంగు కన్నా జెల్ రంగు మంచిది, క్రీము పలచబడదు. అగ్గిపుల్ల కొనంత తీసుకుని కలపండి. గంట గడిస్తే రంగు తనంతట తనే ముదురుతుంది. అది తెలియక మొదటే ఎర్రగా రావాలని పోసేస్తే నోరంతా చేదు.

రంగు సీసాలే వద్దనుకుంటే నాగర్‌కర్నూల్ జిల్లాలో కొల్లాపూర్ మామిడి ఉండనే ఉంది. గుజ్జును పచ్చిగా కలిపితే క్రీము జావ అవుతుంది. పొయ్యి మీద తాండ్రలా దగ్గరయ్యేదాకా ఉడికించి, పూర్తిగా చల్లార్చి కలపండి. రంగుకు రంగు, రుచికి రుచి. దురదృష్టం ఏమిటంటే మామిడి వచ్చేదీ, క్రీము కరిగేదీ ఒకే నెలలో! గుజ్జు ఉడికించి ఫ్రీజర్‌లో దాచుకున్నవారే తెలివైనవారు.

ఈ ఊళ్ళలో కేకు ముచ్చట నిన్నా మొన్నటిది కాదు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే అమెరికా నుంచి వచ్చిన మెన్నోనైట్ బ్రెదరన్ మిషన్ వారు నాగర్‌కర్నూల్‌లోనూ, వనపర్తి వైపూ చర్చిలు, బడులు పెట్టారు. ఈనాటికీ డిసెంబరు వచ్చిందంటే ఈ ఊళ్ళ బేకరీలకు ఊపిరి సలపదు. క్రిస్మస్ పోగానే జనవరి ఒకటి. నేర్చుకున్న పనితో నాలుగు రూపాయలు సంపాదించాలనుకునేవారికి ఇదే అదను. అప్పుడు చలి కూడా మన పక్షమే. అందుకే క్లాసు వేసవి సెలవుల్లో కాకుండా దీపావళి పోయాక మొదలుపెట్టమని నా సలహా. సెలవుల్లోనే కుదురుతుందంటారా, పొద్దున ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించేయండి. అమ్మకం మొదలుపెడితే ఇంట్లో చేసేవారికైనా ఎఫ్.ఎస్.ఎస్.ఏ.ఐ. రిజిస్ట్రేషన్ తప్పదు.

ఆరుగురు కలిసి క్లాసు పెట్టుకుంటే సామాను ఎంతో తెలుసా? అందరికీ కలిపి పన్నెండు అంగుళాల సంచుల కట్ట ఒకటి. మనిషికి నాలుగు నాజిళ్ళు, ఒక కప్లరు. బటర్ పేపరు చుట్ట ఒకటి. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ జెల్ సీసాలు ఒక్కొక్కటి, ఆరుగురూ పంచుకోవచ్చు. బీటరు ఎవరింట్లో ఉంటే వాళ్ళింట్లోనే క్లాసు. మిగిలిన డబ్బు క్రీముకూ, ఐసుకూ ఉంచండి. నేర్చుకునేటప్పుడు ఖర్చయ్యేది క్రీమే, సంచి కాదు.

ఇంటికెళ్ళాక నాజిళ్ళను అలాగే సింకులో పడేయకండి. ఎండిన క్రీము పళ్ళ మధ్య రాయిలా పట్టుకుంటుంది. వేడినీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో లోపలి నుంచి బయటికి తోమి, గుడ్డ మీద మొన పైకి ఉండేలా నిలబెట్టి ఆరనివ్వండి. సూదితో మాత్రం పొడవకండి, పన్ను వంగుతుంది. ఆరాక లెక్కపెట్టి డబ్బాలో వేయండి. ఆరుగురి నాజిళ్ళూ ఒకేలా ఉంటాయి కాబట్టి, గోళ్ళరంగుతో బయటి అడుగు అంచున తలొక రంగు చుక్క పెట్టుకుంటే ఎవరివి ఎవరివో తెలిసిపోతాయి.